పైకప్పులో రెండో గొట్టం

పోయిన వారం మనం గేనర్‌ను నిచ్చెన మొదట్లో వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కూతురు టెగన్ గదిలో, మంచానికీ బీరువాకీ మధ్య, నిచ్చెన కాళ్లు రెండు చేతులా పట్టుకుని, సీలింగు కన్నంలోకి భుజాల దాకా దూరిపోయిన మనిషి ఎప్పుడు నోరు విప్పుతాడా అని తల పైకెత్తి చూస్తూనే ఉంది. ఆ మనిషి రాయ్‌స్టన్. గ్యాసు తనిఖీకి వచ్చినవాడు. వంటగదిలో, హాల్లో కూనిరాగం తీస్తూ పని చేసినవాడు కాస్తా ఇక్కడ టార్చి లోపల పెట్టిన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మూడు వారాలుగా టెగన్‌కు తలనొప్పి. పొద్దున్నే లేస్తే వాంతి. "పరీక్షలు దగ్గర పడ్డాయి కదా, పదహారేళ్ల పిల్లలకు మామూలేనమ్మా" అని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చింది. ఆదివారం ఓట్లీలో అమ్మమ్మ ఇంటికి వెళితే మాత్రం ఆ తలనొప్పి ఉండదు. ఆ సంగతి పట్టుకున్నది గేనర్ ఒక్కతే. పట్టుకుని ఫ్లాట్ల ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. లీడ్స్‌లో కాలువ ఒడ్డునున్న ఈ ఫ్లాట్లలో ఇల్లు వెచ్చబెట్టి నీళ్లు కాచే గ్యాసు బాయిలర్ పొగగొట్టం గోడలోంచి నేరుగా బయటికి పోదు. సీలింగు పైన చీకట్లో పడుకుని, గదులు దాటుకుంటూ పోయి ఎక్కడో బయట తల పెడుతుంది. కంటికి కనపడనిదాన్ని ఏడాదికోసారైనా చూడాలి కాబట్టి సీలింగు కోసి మూతలు పెట్టించారు. గేనర్ ఇంట్లో మూడు. మొదటి రెండూ రాయ్‌స్టన్ ఇట్టే తెరిచాడు. టెగన్ గదిలో మూత మాత్రం రాలేదు. చుట్టూ సిలికాన్ బంక పూసి, మీద లేతాకుపచ్చ రంగు వేసి ఉంది.

"ఇదెవరు చేశారమ్మా?" అనడిగాడు చాకు తీస్తూ.

"ఏమో. ఎవరో," అంది గేనర్.

బంక కోసి, మూత దించి, ఆయన పైకి దూరి ఇప్పటికి నాలుగు నిమిషాలు.

చెడు ఊహించడం గేనర్‌కు అలవాటైన పని. బడిలో పిల్లలకు భోజనం వడ్డించే ఉద్యోగం ఆవిడది. ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడుతుందని టెగన్‌కు పదకొండేళ్లు వచ్చేదాకా ప్రతి పండూ రెండు ముక్కలు చేసి పెట్టింది. ఊరికి వెళ్లేటప్పుడు టోస్టర్ తీగ పీకేసి, పీకినట్టు ఫోనులో ఫొటో తీసుకునేది. బాయిలర్ విషవాయువు గురించి చదివిన రోజే మూడు అలారాలు కొనుక్కొచ్చి, మూడూ వంటగదిలో బాయిలర్ చుట్టూ తగిలించింది. మూడింట్లో ఒక్కటీ ఇంతవరకూ కుయ్‌మనలేదు.

ఇప్పుడు ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నిచ్చెన మీద ఆయన బూట్లకు తొడిగిన ప్లాస్టిక్ సంచులు గరగరలాడడం కూడా వినిపిస్తోంది. క్రిస్మస్‌కు పై ఇంట్లోకి దిగిన ఆల్దోనా చంటిపిల్ల జనవరంతా ఆపకుండా ఏడ్చి చంపింది. ఈ వారం చప్పుడే లేదు. "ఎంత బుద్ధిమంతురాలయిందమ్మా మీ పాప!" అని మంగళవారం లిఫ్టులో గేనరే మెచ్చుకుంది. "నాకూ నిద్రే నిద్ర ఆంటీ, లేవబుద్ధే కావడం లేదు," అని ఆల్దోనా ఆవలించింది.

"ఏమైందండీ?" అంది గేనర్, ఏడోసారి.

రాయ్‌స్టన్ దిగాడు. చకచకా దిగాడు. ఆ తొందర చూసి గేనర్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీ గొట్టం బంగారంలా ఉంది," అన్నాడు. "అతుకులు గట్టిగా ఉన్నాయి. వాలు బాగుంది. ఎక్కడా తడి లేదు."

"మరి?"

"మీ గొట్టం ఈ గదిలోకి రానే రాదు తల్లీ. హాలు మీంచే బయటికి పోతుంది. ఈ గది పైన పోయేది ఇంకోటి."

ఫోనులో ఫొటో చూపించాడు. దుమ్ము పట్టిన తెల్ల గొట్టం. మధ్యలో అతుకు దగ్గర వేలు దూరేంత సందు. పైనుంచి గొట్టాన్ని పట్టి ఉంచాల్సిన ఇనపపట్టీ ఖాళీగా వేలాడుతోంది. సందు కింద, ఎండిపోయిన పాలచారలాంటిది ఒకటి. అది సరిగ్గా టెగన్ తలగడ పైన.

"ఇది ఇప్పుడు కూడా పనిచేస్తోంది. చెయ్యి పెడితే వేడిగా ఉంది." బెల్టుకున్న, విషవాయువు కొలిచే మీటర్ తీసి అంకె చూశాడు, ఆ అంకె గేనర్‌కు చూపించలేదు. "అమ్మాయేది?"

"హాల్లో, సోఫాలో. కోటు వేసుకుని పడుకుంది, చలి చలి అంటోంది."

"కోటు ఉంది కదా, మరీ మంచిది. లేపి బయట నడవలోకి తీసుకెళ్లండి. సర్దుకోవడాలూ గిర్దుకోవడాలూ వద్దు. కిటికీలు నేను తెరుస్తా."

ఎన్నిసార్లు కలలో చూసింది ఈ గడియ! ఆ కలల్లో తను పరుగెత్తేది, అరిచేది, పిల్లను ఎత్తుకుని దూకేది. నిజంగా వచ్చేసరికి ఆవిడ చేసిందల్లా టెగన్ చెప్పుల కోసం సోఫా కింద వెతకడం. ఒకటే దొరికింది. రెండోది ఎంతకీ దొరకలేదు.

"అమ్మా, సాక్సులతో వస్తాలే," అంది టెగన్. గొంతు నిద్రలో ఉన్నట్టుంది.

పిల్లను మెట్ల మీద కూర్చోబెట్టింది. రాయ్‌స్టన్ గ్యాసు అత్యవసర విభాగం వాళ్లకు ఫోన్ చేశాడు. గంటలోపు వస్తామన్నారు. భవనమంతటికీ గ్యాసు కట్టేసే మీటర్ల గది కింద అంతస్తులో ఉంది, తాళం ఆఫీసులో ఉంది, శుక్రవారం మధ్యాహ్నం దాటితే ఆఫీసులో ఎవరూ ఉండరు. గేనర్ చేసినప్పుడల్లా ఒకే గొంతు: మీ ఫోను మాకెంతో ముఖ్యం.

"మీది ఆపేశాను. వేరేవాళ్ల బాయిలర్ ఆపే హక్కు నాకు లేదు. వాళ్లు తలుపు తీసి రమ్మంటేనే," అన్నాడు రాయ్‌స్టన్. "గొట్టం ఆ గోడలోంచి వస్తోంది. పక్కన ఎవరుంటారు?"

గేనర్ కళ్లు మూసుకుంది. దేవుడు ఈ భవనంలో ఇంకెవరినైనా పెట్టి ఉండకూడదా ఆ గోడ అవతల!

పన్నెండో నంబరులో సిరిల్ బూథ్. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. రెండేళ్లుగా ఆయనకూ గేనర్‌కూ మాటల్లేవు.

మూడుసార్లు బెల్లు కొట్టాక తలుపు గొలుసు మేరకు తెరుచుకుంది. సందులో ఉన్ని టోపీ, ఒక కన్ను.

"ఈసారి ఏం తగలబడుతోంది?"

"బూథ్ గారూ, మీ బాయిలర్ ఆపేయాలి. ఇప్పుడే. మా అమ్మాయి గది మీద మీ గొట్టం ఊడిపోయింది, విషం..."

"పోయినేడు నా టోస్టు మాడితే ఫైరింజను తెప్పించావు. నిచ్చెనేసి నా కిటికీలో దిగారు వాళ్లు. అంతకుముందు హీటరు మీద సాక్సులు ఆరేసుకున్నందుకు. నేను నడిపిన బస్సుకు కూడా ఇన్ని సార్లు హారన్ కొట్టలేదమ్మా నీలాగా."

"నా చేతిలో ఉన్నది టోస్టు కాదు సార్," అన్నాడు రాయ్‌స్టన్. తన గుర్తింపు కార్డూ, మీటరూ రెండూ సందుకు ఎదురుగా పెట్టాడు. "ఇది వాసన రాదు, కనపడదు. ఈవిడ చెప్పేది నిజం."

బూథ్ ఆ అంకె చూశాడు. గొలుసు మాత్రం తీయలేదు.

"ఆపితే నేనేం కావాలి? కాలువ మీద గడ్డ కట్టింది చూశావా? నా ఊపిరితిత్తులు ఎలాంటివో మా డాక్టర్ని అడుగు. ఒకసారి ఆపి చూశాలే. అక్టోబర్లో. పదహారు రోజులు. స్నానానికి రెండు బస్సులు మారి మా చెల్లెలింటికి పోయొచ్చాను. ఎందుకో తెలుసా?" కన్ను గేనర్ వైపు తిరిగింది. "చెప్పమను ఆవిణ్ణే."

"నాకేం తెలుసు మీ సంగతి!" అంది గేనర్.

"తెలీదూ? అక్టోబర్లో మీలాంటాయనే ఒకడొచ్చాడు," బూథ్ ఇప్పుడు రాయ్‌స్టన్‌తోనే మాట్లాడుతున్నాడు. "నా గొట్టంలో సగం నా దగ్గర్నుంచి కనపడదట. అతుకు గోడ అవతలుందట. పక్కింట్లో మూత తెరిస్తే గానీ బాగుందో లేదో చెప్పలేం, చూసేదాకా వాడకండి అని ఎర్ర చీటీ కట్టి, పక్కింటికి వెళ్లాడు. అరగంటలో తిరిగొచ్చాడు. ఏమన్నాడో తెలుసా? ఆవిడ మూత తెరవనివ్వలేదు సార్, కొత్తగా రంగు వేసిందట, పిల్ల పుట్టినరోజట. సంతకం పెట్టి పంపించేసింది, అని."

నడవలో లైటు దానంతటదే ఆరిపోయింది. ఎవరూ కదలక. రాయ్‌స్టన్ చెయ్యి ఊపితే మళ్లీ వెలిగింది.

గేనర్‌కు అంతా గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఎప్పుడూ మర్చిపోలేదు. దాని మీద ఇన్నాళ్లూ కూర్చుని ఉంది, అంతే. మూత అంచులోంచి రాత్రిళ్లు సన్నగా గాలి దిగేది, నేరుగా టెగన్ నెత్తి మీదికి. పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఒకరోజు అక్కణ్ణుంచి సాలీడు కూడా దిగింది. బజారుకెళ్లి సిలికాన్ బంక ట్యూబు తెచ్చి, వేలు తడి చేసుకుని, స్నానాల తొట్టి అంచుకు వాళ్లమ్మ పూసినట్టే నున్నగా పూసింది. మీద లేతాకుపచ్చ రెండు పూతలు. మర్నాడే తనిఖీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు. "తెరవలేదని రాయాల్సొస్తుందమ్మా," అన్నాడు. "రాసుకో బాబూ, మిగతా రెండూ చూశావుగా, అదే గొట్టం కదా," అంది తను. మూడు మూతలూ తన గొట్టానివే అనుకుంది. అది వేరే గొట్టమని ఆ అబ్బాయి చెప్పలేదో, చెప్పినా తను వినిపించుకోలేదో. సంతకం పెట్టి, చీటీ చదవకుండా వంటగది సొరుగులో, పిజ్జా కాగితాల మధ్య పడేసింది. మళ్లీ వచ్చి చూడాల్సినవాళ్లూ రాలేదు.

నాలుగు ఫోన్లు. ఆఫీసువాళ్ల మీద ఎన్ని అరుపులు! ఎన్ని శాపనార్థాలు! ఒక్కసారి ఆ సొరుగు లాగి ఉంటే...

"అమ్మా." మెట్ల మీంచి టెగన్. గోడకు తల ఆనించుకుని అంతా వింటోంది. "ఇందాక ఆయన అడిగితే ఎవరో చేశారన్నావు."

"నీకు గాలి తగులుతుందనీ..."

"ఎవరో అన్నావు."

"చలికి నీ ఛాతీ పట్టేస్తుందని కదే నేను..."

"చాలమ్మా," అంది టెగన్. కోపంగా కూడా అనలేదు. కోప్పడడానికి ఓపిక లేదు పిల్లకు. అదే గేనర్ తట్టుకోలేకపోయింది. తిట్టినా బాగుండేది, చెప్పు విసిరినా బాగుండేది. చెప్పు కూడా ఒక్కటే ఉంది.

తలుపు సందులో కన్ను టెగన్‌ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ పిల్ల మొహమేంటి అలా పాలిపోయింది?" అన్నాడు బూథ్.

లోపల గొలుసు జారిన చప్పుడయింది.

"రావయ్యా లోపలికి. ఎక్కడుందో తెలుసుగా, వంటగదిలో. కాళ్లకు ఆ సంచులవీ అక్కర్లేదు, నేనేం మహారాజుని కాదు."

రాయ్‌స్టన్ బాయిలర్ ఆపి, గ్యాసు కట్టేసి, 'వాడరాదు' అని ఎర్ర చీటీ కట్టాడు. అక్టోబరు నాటి చీటీ దారం ముక్క ఇంకా అక్కడే వేలాడుతోంది. బూథ్ దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"పదహారు రోజులైనా ఎవరూ రాలేదు," అన్నాడు. "ఫోన్ చేస్తే వస్తారన్నారు. ఒకరోజు పొద్దున నీళ్ల గ్లాసు పట్టుకుంటే వేళ్లు వంగలేదు. చీటీ తెంపేసి నేనే వెలిగించుకున్నాను. పక్కింట్లో పిల్ల ఉందని తెలుసు. తెలిసే వెలిగించాను." గొంతు సవరించుకున్నాడు. "ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. మాటల్లేవు కదా మాకు!"

బూథ్ తన కుర్చీలోని దుప్పటి తెచ్చి టెగన్ భుజాల మీద కప్పాడు. గేనర్ తన ఇంట్లోని చిన్న కరెంటు హీటర్ తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇప్పుడు ఆసుపత్రికి," అన్నాడు రాయ్‌స్టన్. "అంబులెన్సుకు చెప్పాను. అక్కడ తలనొప్పి అని మొదలుపెట్టకండి, మళ్లీ పరీక్షల కథే చెబుతారు. కార్బన్ మోనాక్సైడ్ అనండి. మూడు వారాలనండి. రక్తం తీసి చూడమనండి."

"బతుకుతుందా?" ఆ మాట నోట్లోంచి వచ్చాక గేనర్‌కే భయమేసింది, పిల్ల పక్కనే ఉందని.

"నేనిక్కడే ఉన్నాను, అమ్మా," అంది టెగన్.

"మాట్లాడుతోంది, కూర్చుంది, మిమ్మల్ని దెప్పుతోంది కూడా. ఇవన్నీ మంచి లక్షణాలే," అన్నాడు రాయ్‌స్టన్. కానీ ఆయన మనసు మాట మీద లేదు. మీటర్ వైపు చూసి, గేనర్ ఇంటి తలుపు వైపు చూసి, బుగ్గ గోక్కున్నాడు.

"ఒకటి అర్థం కావడం లేదమ్మా. నేను మూత కోయకముందు ఆ గదిలో అంకె చిన్నదే. తలనొప్పి తెప్పించేంత ఉంది, అంతే. కోసి తల పెట్టాక లోపల చూశానే, అది..." ఆగాడు. "ఆ గొట్టం నెలల తరబడి ఊడి ఉంది. వచ్చిందంతా మీ అమ్మాయి మీదికే దిగి ఉంటే ఈపాటికి మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు. మీరు పూసిన బంక ఉంది చూశారూ, అది చాలావరకు ఆపింది."

గేనర్ గోడ పట్టుకుంది. ఆపింది. తన చేత్తో పూసిన బంక. తడి వేలితో, అంగుళం అంగుళం. చేసిన తప్పే పిల్లను కాచిందా! టెగన్ వైపు చూసింది. టెగన్ కూడా చూసింది, దుప్పటిలోంచి, ఇన్నాళ్లకు మొదటిసారి చూస్తున్నట్టు.

"కిందికి రానివ్వలేదు సరే," అన్నాడు రాయ్‌స్టన్, తనలో తను అనుకుంటున్నట్టు. "అంత వాయువు ఉన్నచోటే ఉండదు కదా. మరి ఎటు పోయినట్టు? అక్కడ నీళ్ల గొట్టాలు పైకి పోతున్నాయి. శ్లాబులో వాటి కోసం కన్నాలు పెట్టారు, చుట్టూ పూడ్చలేదు. నా చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది."

అందరి తలలూ ఒక్కసారే పైకి లేచాయి.

"ఈ పైన ఎవరుంటారు?"

గేనర్‌కు లిఫ్టులో ఆవలింత గుర్తొచ్చింది. ఎంత బుద్ధిమంతురాలయిందమ్మా, అని తను మెచ్చుకోవడం గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏడుపు ఆఖరుసారి ఎప్పుడు విన్నది? నిన్నా? మొన్నా? ఏడవకపోతే బాగుండునని దిండు చెవుల మీద పెట్టుకుని ఎన్ని రోజులు కోరుకుంది!

"చంటిపిల్ల," అంది టెగన్, తల్లికి బదులుగా. "ఆల్దోనా, చంటిపిల్ల. వాళ్లాయన లారీ మీద వెళ్లాడు, ఊళ్లో లేడు."

రాయ్‌స్టన్ అప్పటికే మెట్లెక్కుతున్నాడు, రెండేసి. వెనకాల గేనర్. ఎక్కడం తెలియలేదు ఆవిడకు, పైకి చేరడమే తెలిసింది. పదహారో నంబరు గుమ్మం పక్కన బిడ్డ తోపుడుబండి మడిచి పెట్టి ఉంది. దాని పిడికి ఊలు టోపీ తగిలించి ఉంది. అంటే ఎక్కడికీ పోలేదు. ఇంట్లోనే ఉన్నారు.

రాయ్‌స్టన్ పిడికిలితో బాదాడు. బెల్లు నొక్కాడు. మళ్లీ బాదాడు.

"ఆల్దోనా!" అని అరిచింది గేనర్. "ఆల్దోనా, నేనమ్మా, కింది ఆంటీని!"

చెవి తలుపుకు ఆనించింది. అవతల రేడియోలో ఎవరో రేపటి వాతావరణం చదువుతున్నారు. చలి ఇంకా పెరుగుతుందట.

రేడియో ఒక్కటే.